ఒక్క రాత్రి ముసాఫిర్‌కి మన ఊరు ఏమిస్తోంది?

పిడుగురాళ్ల చూసొద్దాం పదండి అని ఏ ఇంట్లోనూ అనుకోరు. సున్నం వ్యాపారం ఉన్నవాళ్లు వెళ్తారు, చుట్టాలున్నవాళ్లు వెళ్తారు. మిగతా లోకానికి అది దారిలో తగిలే ఊరు. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి మీదుగా ఒంగోలుకో నెల్లూరుకో పోయే బస్సులో సగం నిద్రలో కళ్లు తెరిచి, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము చూసి, "పిడుగురాళ్ల వచ్చినట్టుంది" అనుకుని మళ్లీ కళ్లు మూసుకుంటాం. అంతే మనకి ఆ ఊరితో ఉన్న తాల్లుఖ్.

ఇలాంటి ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. చార్మినార్ ఉండదు, కోట ఉండదు, పెద్ద దర్గా ఉండదు. ఎవరూ ఫోటోలు తీసుకోరు. కానీ ఏదో ఒక రాత్రి, మనం అనుకోకుండానే, అలాంటి ఊళ్లో ఆగిపోవాల్సి వస్తుంది. ఆ రాత్రి ఆ ఊరు మనకి ఏమిచ్చిందన్నదే ఆ ఊరి అసలు పరిచయం. ఇవాళ నేను రాయాలనుకున్నది దాని గురించే. ఇంకొంచెం సూటిగా చెప్పాలంటే, అలాంటి ఊళ్లలో ఉన్న మన మసీదుల గురించి. మనం గేట్లు పెద్దవి చేసుకున్నాం, గేటు బయట నిలబడే ముసాఫిర్‌ని మర్చిపోయాం. ఇది నా ఫిర్యాదు. దీనికి ఇలాజ్ కూడా మన చేతిలోనే ఉందన్నది నా నమ్మకం.

ముందు ఊరి సంగతి చెప్పనివ్వండి. ఊరిని తెలుసుకోకుండా ఊరి గురించి మాట్లాడటం తెహజీబ్ కాదు.

పిడుగురాళ్ల 2011 జనాభా లెక్కల నాటికే అరవై వేలు దాటిన మున్సిపాలిటీ. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాని విడదీసి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా చేసినప్పుడు అందులోకి వచ్చింది. ఊరి బతుకంతా భూమి కింద ఉన్న సున్నపురాయి మీద నడుస్తుంది. రాయిని, బొగ్గుని బట్టీలో పొరలు పొరలుగా పేర్చి కాలుస్తారు. దాదాపు 900 డిగ్రీల వేడికి రాయిలో ఉన్న బొగ్గుపులుసు గాలి పోయి సున్నం మిగులుతుంది. మేలైన రాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగతాదంతా గాలిలోకి పోతుంది. ఆ వేడి ముందు మొహానికి గుడ్డ చుట్టుకుని నిలబడి పనిచేసే మగవాళ్లు, ఆడవాళ్లు ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీకి సున్నం కావాలి, చక్కెర మిల్లుకి కావాలి, రొయ్యల చెరువుకి కావాలి, తమలపాకుకి కావాలి. సంక్రాంతి వాకిట్లో ముగ్గుకి కావాలి, రంజాన్ చాంద్ కనబడకముందు మసీదు గోడలకి సఫేదీ వేయించడానికీ కావాలి. ఈ ఊరు చూడని ఇల్లు ఉండొచ్చు గానీ, ఇలాంటి బట్టీలో కాలిన సున్నం తగలని ఇల్లు దొరకటం కష్టం.

ఇంకో సంగతి. ఇది దారులు కలిసే ఊరు. అద్దంకి నుంచి నార్కెట్‌పల్లి దాకా సుమారు 212 కిలోమీటర్ల రోడ్డు దీని మీదుగానే పోతుంది. చీరాల దగ్గర వాడరేవు సముద్రపొడ్డున బయల్దేరిన 167ఏ జాతీయ రహదారి చిలకలూరిపేట, నరసరావుపేట దాటి ఇక్కడికే చేరుతుంది. గుంటూరు నుంచి నడికుడి మీదుగా సికింద్రాబాద్ వైపు పోయే రైలు లైను ఉంది. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి వేస్తున్న 309 కిలోమీటర్ల కొత్త లైనూ ఈ పక్కనుంచే. అంటే రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఈ ఊరు దాటుతూనే ఉంటారు. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు మోసుకెళ్లే లారీవాళ్లు, గుంటూరు పెద్దాసుపత్రికి పేషెంటుని తీసుకెళ్లేవాళ్లు, మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి హైదరాబాద్ నుంచి పిల్లాపాపలతో బయల్దేరిన కుటుంబాలు, కృష్ణ అవతల జాన్‌పహాడ్ ఉర్సుకి పోయేవాళ్లు. వీళ్లలో ఎవరికో ఒకరికి ఏదో ఒక రాత్రి టైరు పేలుతుంది, బస్సు తప్పిపోతుంది, పేషెంటుకి తేడా చేస్తుంది. ఆ రాత్రికి ఆ మనిషి పిడుగురాళ్ల మెహమాన్.

నేను బడిలో ఉర్దూ మీడియం, కాలేజీలో తెలుగు. ఈ రెండు జబాన్ల మధ్య తిరిగినవాడికి కొన్ని మాటలు చుట్టాల్లా ఎదురొస్తాయి. డిగ్రీలో తెలుగు లెక్చరర్ మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథల గురించి చెబుతుంటే, "మజిలీ" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అది మన మంజిల్! దారిలో దిగే చోటు, రాత్రికి ఆగే చోటు. అరబ్బీలో దిగటం అన్న అర్థం నుంచి పుట్టిన మాట అది. ఉర్దూలో మంజిల్ అంటే చివరికి చేరాల్సిన గమ్యం అయిపోయింది. తెలుగు మాత్రం దాని పాత అర్థాన్ని భద్రంగా దాచిపెట్టింది. మకాం కూడా అంతే, మన మఖామ్. కాశీకి పోయే హిందూ యాత్రికుడు రాత్రికి ఆగిన చోటుకి ముసల్మానులు తెచ్చిన పేరు నిలబడిపోయిందంటే, ఒకప్పుడు ఈ నేల మీద దారిపక్క ఆశ్రయానికీ మనకీ ఎంత దగ్గరితనం ఉండేదో ఆలోచించండి.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ఊరి వెంట ఊరు వస్తుంది. ఈ ఊళ్లో దిగటానికి చోటుందా, నీళ్లున్నాయా, దుకాణాలున్నాయా, దారి ఎలా ఉంది. చాలా ఊళ్లు ఈ వివరాలతోనే ఆ పుస్తకంలో బతికున్నాయి. రాజులెవరో తర్వాత సంగతి. దారినపోయేవాడు ఊరికి వేసే మార్కులు ఎప్పుడూ ఇవే.

ఇక నా అనుభవం. కిందటేడు జనవరిలో ఒంగోలులో వలీమా తిని హైదరాబాద్ తిరిగొస్తున్నాం. నేను, నా భార్య, పద్నాలుగేళ్ల మా అమ్మాయి, మా అమ్మీ. అమ్మీకి డెబ్బై దాటాయి, షుగరు. నరసరావుపేట దాటి పిడుగురాళ్ల పొలిమేరలోకి వచ్చేసరికి కారు టైమింగ్ బెల్టు తెగింది. రాత్రి పదిన్నర. ఒక మెకానిక్ కుర్రాడు వచ్చి చూసి, "సామాను పొద్దున నరసరావుపేట నుంచి రావాలి సార్, ఈ రాత్రికి బండి కదలదు" అన్నాడు.

మగవాడికైతే ఇది పెద్ద కష్టం కాదు. టీ కొట్టు బల్ల మీద తెల్లారిపోతుంది. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లయినప్పుడు, అందులో ఒకరు గంటకోసారి బాత్రూముకి పోవాల్సిన పెద్దమనిషి అయినప్పుడు కష్టమంటే ఏమిటో తెలుస్తుంది. దగ్గర్లో పెట్రోలు బంకు బాత్రూముకి తాళం. అమ్మీ సాయంత్రం నుంచి నీళ్లు తాగలేదని నాకు అప్పుడు తెలిసింది. తాగితే మళ్లీ ఎక్కడికెళ్లాలి బేటా అంది. మన ఇళ్లలో సఫర్ చేసే ప్రతి ఆడమనిషీ ఈ లెక్క వేసుకునే బయల్దేరుతుంది. గొంతెండుతున్నా బాటిల్ మూత తియ్యదు. మనం ముందు సీట్లో కూర్చుని సోడా తాగుతాం.

ఒక లాడ్జికి వెళ్లాం. కౌంటర్ దగ్గరి మనిషి అందరి ఆధార్ కార్డులు అడిగాడు. ఇచ్చాం. పేర్లు చూశాడు, లోపలికి వెళ్లి వచ్చాడు, రూములు లేవన్నాడు. నిజంగానే లేవేమో. బయట బోర్డు మీద మాత్రం "రూములు కలవు" అన్న లైటు వెలుగుతూనే ఉంది. దిల్ కా హాల్ అల్లాహ్‌కే తెలుసు, నేను అతని మనసులోకి దూరి ఫత్వా ఇవ్వను. ఇంకో చోట మూడో అంతస్తులో ఒక్క గది ఉంది, లిఫ్టు లేదు. అమ్మీ మోకాళ్లు అన్ని మెట్లెక్కవు.

మసీదుకి వెళ్దాం అంది నా భార్య. వెళ్లాం. ఇషా అయి రెండు గంటలు దాటింది. నిలువెత్తు ఇనుప గేటు, దానికి గొలుసు, గొలుసుకి తాళం. లోపల వుజూ కొళాయిల వరుస కనిపిస్తూనే ఉంది, పక్కన బాత్రూములూ కనిపిస్తూనే ఉన్నాయి. గేటు మీద రంజాన్ చందా ఇచ్చినవాళ్ల పేర్లున్న పాత ఫ్లెక్సీ ఒకటి వేలాడుతోంది. ఒక్క ఫోన్ నంబరు లేదు.

మమ్మల్ని అక్కడ చూసింది ఎదురుగా టీ కొట్టు కట్టేస్తున్న ఒకాయన. నుదుట బొట్టు, మెళ్లో మఫ్లరు. "మామ్మగారిని చలిలో నిలబెట్టకండి సార్" అంటూ కట్టేసిన స్టవ్ మళ్లీ వెలిగించి పాలు కాచి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. "మౌజన్ గారి ఇల్లు వెనక సందులోనే, రండి చూపిస్తా" అని కొట్టు అలా వదిలేసి మాతో నడిచాడు. మౌజన్ సాబ్‌వి రెండు చిన్న గదులు. తలుపు తీసిన ఖాలా మమ్మల్ని ఏమీ అడగలేదు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "అందర్ ఆవో మా, బాహర్ కైకూ ఖడే?" అంది. తన మంచం అమ్మీకిచ్చింది. వేడినీళ్లు పెట్టింది. ఉన్న రొట్టెలు, గోంగూర పచ్చడి ముందు పెట్టింది. తను పిల్లలతో కింద చాప మీద పడుకుంది.

నా సంగతి మౌజన్ సాబ్ చూశాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది గానీ, రాత్రిపూట ఎవరినీ పడుకోనివ్వొద్దని కమిటీ హుకుం. ఆయన సదర్ సాబ్‌కి ఫోన్ చేశాడు. సదర్ సాబ్ నాతో మాట్లాడి, నా కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపమని, చూసి, "వరండాలో పడుకోండి భాయ్, తక్లీఫ్ ఏం లేదు" అన్నారు. మొత్తం పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఈ ఐదు నిమిషాల గురించే నేను ఆ రాత్రంతా ఆలోచించాను. మనసులు మూసుకుపోలేదు. మౌజన్ మంచివాడు, సదర్ మంచివాడు, ఖాలా గురించి చెప్పేదేముంది. మంచితనం ఉంది, ఇంతెజాం లేదు. ఆ టీ కొట్టాయన ఇంకో పది నిమిషాల ముందు కొట్టు కట్టేసి వెళ్లిపోయి ఉంటే, ఆ మంచితనం గేటుకి అటువైపే ఉండిపోయేది, మేము ఇటువైపు ఉండిపోయేవాళ్లం.

లాడ్జి మీద నాకు కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ లాడ్జి దుకాణం. దుకాణం మీద నాకు వినియోగదారుడి హక్కే ఉంటుంది. అల్లాహ్ ఇంటి మీద ముసాఫిర్‌కి ఇంకో రకం హక్కు ఉంది. పరాయివాడి తలుపు ఎందుకు తెరుచుకోలేదని గట్టిగా అడగాలంటే, ముందు మన గేటు గొలుసు ఊడాలి.

ముసాఫిర్ హక్కు అనేది నేను పుట్టించిన మాట కాదు. సూరె తౌబా 60వ ఆయతులో జకాత్ తీసుకోవడానికి అర్హులని ఎనిమిది రకాల మనుషుల్ని చెప్పినచోట చివరిగా వచ్చేది ఇబ్నుస్సబీల్. మాటకి మాట అర్థం "దారి బిడ్డ". ఎంత ప్రేమగల పేరో చూడండి. ఇంటి దగ్గర ఎంత ఉన్నవాడైనా, దారిలో చిక్కుకుపోతే ఆ రాత్రికి హక్కుదారుడే. ప్రయాణంలో ఉన్నవాడికి అల్లాహ్ తన నమాజులోనే తగ్గింపు ఇచ్చాడు. మన హనఫీ లెక్కలో సుమారు 77 కిలోమీటర్లు దాటి పోయేవాడు నాలుగు రకాతుల ఫర్జ్‌ని రెండుగా చదువుతాడు. రోజా తర్వాత పెట్టుకోవచ్చు. సృష్టికర్త ముసాఫిర్‌కి ఇంత వెసులుబాటు ఇస్తే, మన కమిటీలు ఒక కొళాయి, ఒక బాత్రూము వెసులుబాటు ఇవ్వలేవా?

మన పెద్దలు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం పేరు మీదున్న మసీదు ఉంది. 17వ శతాబ్దం నాటిది. మచిలీపట్నం రేవుకి పోయే దారి అది. ఆ మసీదు ఆవరణ చుట్టూ నూటికి పైగా గదులు కట్టారు, పక్కన పెద్ద బావి తవ్వించారు. ఆ గదులు ముసాఫిర్ల కోసం. మసీదు, సరాయి, నీళ్లు, మూడూ ఒకే ఆలోచనగా కట్టారు. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయిలో మనుషులకి గదులు, జంతువులకి చోటు, నమాజుకి మసీదు ఉన్నాయి. నాంపల్లి స్టేషన్ ఎదురుగా నిజాం కాలంలో కట్టిన సరాయి రైలు దిగినవాళ్ల కోసం. చివరికి ఇంగ్లీషువాళ్లు కూడా 1867లో సరాయిల చట్టం తెచ్చారు. సరాయి నడిపేవాడు గదులు, బావులు శుభ్రంగా ఉంచాలి, కాపలా పెట్టాలి, ధరల పట్టిక కనిపించేలా కట్టాలి అన్నారు. మనది మనకే చట్టం చేసి చెప్పే రోజొచ్చింది.

సముద్రం అవతలి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. ఇబ్న్ బతూతా 1331 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికా తీరం వెంట ఓడలో పోయాడు. మొగదిషు గురించి, కిల్వా గురించి ఎక్కువే రాశాడు. వాటి మధ్య మొంబాసాలో ఆగింది ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రిలో ఆయనకి గుర్తుండిపోయింది ఏమిటి? అక్కడి అరటిపళ్లు, చేపలు, కొయ్యతో గట్టిగా కట్టిన మసీదులు. ముఖ్యంగా ప్రతి మసీదు గుమ్మం దగ్గర ఉన్న లోతులేని బావి. నీళ్లు తోడుకోడానికి పొడుగు పుల్ల బిగించిన కొయ్య పాత్ర, చుట్టూ చదును చేసిన నేల, కాళ్లు కడుక్కున్నవాడు తుడుచుకోడానికి గుమ్మంలో చాప. ప్రపంచం చుట్టినవాడు దాదాపు ఏడు వందల ఏళ్ల కింద ఒక్క రాత్రి ఆగిన ఊరి గురించి రాసిపెట్టినవాటిలో నీళ్లూ చాపా ఉన్నాయి. ఆ నీళ్లు గుమ్మం దగ్గర, వచ్చేవాడి చేతికందేలా ఉన్నాయి. ఇవాళ మన ఊళ్లో రాత్రి పదకొండింటికి వచ్చినవాడు ఏం రాసుకుంటాడు?

పల్నాడు నేలకైతే ఇది అసలు కొత్త పాఠమే కాదు. పిడుగురాళ్లకి ఎంతో దూరం లేని మాచర్లలో, 12వ శతాబ్దంలో, బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని ఈ నేల చెప్పుకుంటుంది. చాపకూడు అన్నారు దాన్ని. మనం దస్తర్‌ఖాన్ అంటాం. అన్నదమ్ముల యుద్ధం గురించి ఎంత చెప్పుకుంటారో, ఆ చాప గురించీ అంతే చెప్పుకుంటారు. ఆ రాత్రి నాకు పాలు కాచి ఇచ్చినాయన, మంచం ఇచ్చిన ఖాలా, ఇద్దరూ ఆ చాప మీదివాళ్లే.

ఇప్పుడు కమిటీవాళ్ల మాట. నేను కొంతమంది సదర్ సాబులతో, ముతవల్లీలతో ఈ సంగతి మాట్లాడాను. వాళ్ల భయాలు ఉత్తివి కావు. దొంగతనాలవుతాయి, ఇన్వర్టర్ బ్యాటరీ ఎత్తుకుపోయిన మసీదులున్నాయి అంటారు. నిజమే. ఎవరో తాగి వచ్చి పడుకుంటే? అదీ నిజమే. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది, దాన్ని గొంతు తగ్గించి చెబుతారు. "రోజులు బాగాలేవు భాయ్. ఎవరో తెలియనివాణ్ని పడుకోబెడితే, రేపు వాడి మీద ఏదైనా కేసుంటే, పోలీసులు ముందు మసీదుకే వస్తారు." ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జర్నలిస్టుగా అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

కానీ ఈ భయాలన్నిటికీ జవాబు తాళం కాదు, రిజిస్టరు. లాడ్జివాడికీ ఇవే భయాలు ఉంటాయి కదా. కార్డు చూస్తాడు, పేరు రాసుకుంటాడు, సంతకం తీసుకుంటాడు, కెమెరా పెడతాడు. మనమూ అదే చేద్దాం. ముసాఫిర్‌ఖానా నడుపుతున్నాం, రిజిస్టరు ఉంటుంది అని ముందే ఊరి స్టేషన్లో ఒక కాగితం ఇచ్చి ఉంచితే దాచుకోవాల్సింది ఏముంటుంది? తెరిచి, రాసి, లైటు వేసి చేసే పని మీద ఎవరికైనా అనుమానం తక్కువే ఉంటుంది. ఇంక నమాజు హాలు తెరవమని నేను అనటం లేదు. దానికి తాళం వేసుకోండి. వుజూ కొళాయి, బాత్రూము, ఒక గది బయటివైపుకి తలుపు ఉండేలా కట్టుకుంటే చాలు.

రెండో మాట, "ఇప్పుడు ఫోన్లో రూములు బుక్ చేసుకుంటున్నారు కదా, ముసాఫిర్‌ఖానా ఎవరికి?" అంటారు. ఆ రాత్రి పిడుగురాళ్ల బస్టాండులో నేను చూసినవాళ్లకి. మిర్చి కోతలకి వేరే జిల్లాల నుంచి వచ్చిన కూలీలు, చంటిపిల్లల్ని మధ్యలో పెట్టుకుని, మూటలు తలకింద పెట్టుకుని సిమెంటు గచ్చు మీద పడుకున్నారు. వాళ్లు ఏ యాప్‌లోనూ రూము బుక్ చేసుకోలేదు. పొద్దున పరీక్ష రాయాల్సిన పిల్లాడు, ఆసుపత్రిలో పేషెంటుని చేర్చి బయట కూర్చున్న తండ్రి, గుడ్డిగా బస్సు దిగేసిన ముసలమ్మ. వీళ్ల మజిలీ ఎక్కడ? మన చుట్టూ ఎన్నో ఊళ్లలో ఆర్యవైశ్య సత్రాలున్నాయి, గురుద్వారా ఉన్నచోట లంగర్ ఉంది. వాళ్లు చేయగలిగినప్పుడు మనకేం తక్కువ?

మూడోది పైసలు. జకాత్ డబ్బు కట్టడాలకి పెట్టొచ్చా లేదా అన్నది ఉలమాలని అడగాల్సిన మసలా, నేను అందులో జొరబడను. నేను అడిగేది సదఖా నుంచి, చందా నుంచి, మసీదు దుకాణాల కిరాయి నుంచి. మనం మినార్ల మీద మినార్లు పెంచుతున్నాం. పక్క ఊరి గుంబద్ కంటే మన గుంబద్ పెద్దదవ్వాలని పోటీ. ఏసీలు పెడుతున్నాం, ఝూమర్ వేలాడదీస్తున్నాం. పెట్టండి, అల్లాహ్ ఖబూల్ చెయ్యాలి. ఆ లెక్కలో ఒక గది, రెండు బాత్రూములు, ఆరు పరుపులు ఎంత? ముసాఫిర్ ఏ మతంవాడని ఆ గది అడగకూడదు. టీ కొట్టాయన మమ్మల్ని అడగలేదు.

ఇక ఖాలా సంగతి. ఆమె చేసింది నేకీ, అల్లాహ్ ఆమె ఇంట్లో బర్కత్ ఇవ్వాలి. కానీ ఊరి మొత్తం జిమ్మేదారిని రెండు గదుల ఇంట్లో ఉన్న ఒక పేద ఆడమనిషి మంచం మీద పెట్టేసి, మన జమాత్ మెహమాన్ నవాజీ గురించి స్టేజీ మీద మాట్లాడటం బాగోదు. మౌజన్ సాబ్ జీతం ఎంత ఉంటుందో మనందరికీ తెలుసు. ముసాఫిర్ వస్తే రొట్టెలు వాళ్లింట్లో తగ్గుతున్నాయి, సవాబ్‌లో మాత్రం మనం వాటా అడుగుతున్నాం.

సూరె కహఫ్ మనం ప్రతి జుమా చదువుకుంటాం. అందులో మూసా అలైహిస్సలాం, ఖిజర్ అలైహిస్సలాం కలిసి సఫర్ చేసే కిస్సా ఉంది. ఇద్దరూ ఒక ఊరికి చేరి తినడానికి అడుగుతారు. ఆ ఊరివాళ్లు ఆతిథ్యం ఇవ్వటానికి ఒప్పుకోరు. అయినా అక్కడ కూలిపోబోతున్న గోడని ఖిజర్ నిలబెడతారు, కూలి తీసుకోరు. ఆ గోడ కింద ఇద్దరు యతీమ్ పిల్లల సొమ్ము ఉందని తర్వాత తెలుస్తుంది. ముఫస్సిర్లు అది ఫలానా ఊరని, ఇంకో ఊరని రకరకాలుగా చెప్పారు. ఖురాన్ మాత్రం ఆ ఊరి పేరు చెప్పలేదు. అక్కడ బజారుందా, కోట ఉందా, పండేదేమిటి, ఏదీ చెప్పలేదు. ముసాఫిర్లు అడిగితే ఇవ్వలేదన్న ఒక్క సంగతే ఖయామత్ దాకా మిగిలింది. పేరులేని మామూలు ఊరు ఎలా గుర్తుండిపోతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి?

అందుకని ఈ రంజాన్‌కి ముందు, సఫేదీ వేయించే మీటింగులోనే, మీ మసీదు కమిటీ ముందు నాలుగు మాటలు పెట్టండి. ఒకటి, గేటు మీద రాత్రిపూట ఎత్తే ఒక ఫోన్ నంబరు, తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో. దీనికి ఖర్చు ఒక డబ్బా పెయింటు. రెండు, గేటు బయటికి ఒక కొళాయి, ఒక లైటు. మూడు, బయటివైపు తలుపున్న బాత్రూము, ఆడవాళ్లకి వేరుగా, లోపల గడియ సరిగ్గా పడేది. నాలుగు, వీలైనచోట ఒక గది, ఒక రిజిస్టరు. హైవే మీద ఉన్న మసీదులు ముందు మొదలుపెడితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. ఆడవాళ్ల విషయం కమిటీలో మగవాళ్లే మాట్లాడుకుంటే మూడోది వాయిదా పడిపోతుంది. కాబట్టి ఆపాలూ, అమ్మీలూ, మీరు చెప్పండి. ప్రయాణంలో ఎన్ని గంటలు నీళ్లు తాగకుండా కూర్చున్నారో మీ ఇంట్లో మగవాళ్లకి ఒక్కసారి లెక్క చెప్పండి.

మౌజన్ సాబ్‌కి అదనపు పని పడుతుంది, దానికి అదనపు జీతం ఇవ్వండి. ఇది ఐదో మాట. దీన్ని మిగతా నాలుగింటి కింద దాచెయ్యకండి.

మీ ఊరు పిడుగురాళ్ల కావచ్చు, దాచేపల్లి కావచ్చు, వినుకొండ కావచ్చు, దర్శి కావచ్చు. ఎవరూ చూడటానికి రాని ఊరే కావచ్చు. ఇవాళ ఇషా అయ్యాక ఒక గంట ఆగి, మీ మసీదు గేటు దాకా నడిచి వెళ్లండి. నమాజీలా కాదు, ఊరు తెలియనివాడిలా నిలబడి చూడండి. నీళ్లు చేతికందుతున్నాయా, పిలవడానికి ఎవరి నంబరైనా కనబడుతోందా చూడండి. కనబడకపోతే రేపు ఫజర్ తర్వాత సదర్ సాబ్‌తో మాట్లాడండి.